ఆపరేషన్ అయింది, కీమో మొదలవుతోంది: ఆయనకు నేనెలా తోడుండాలి?

మీరడిగింది ఇదీ. మీవారికి పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ జరిగి మూడు వారాలైంది. పొట్ట మీద తాత్కాలికంగా స్టోమా (మలం బ్యాగులోకి వచ్చేలా పేగును పొట్ట బయటికి తెచ్చి చేసే ద్వారం) పెట్టారు. ఇంకో రెండు వారాల్లో కీమో అన్నారు. ఆయన మాట తగ్గించేశారు, గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. "నువ్వే ధైర్యం చెప్పాలి, ఆయన ముందు ఏడవకు" అని అందరూ మీకే చెబుతున్నారు. ఆ ధైర్యం ఎలా చెప్పాలో తెలియడం లేదన్నారు.

నేను డాక్టర్‌ని కాదు. ఆరేళ్ల కిందట మావారికి ఇదే జబ్బు. పేగు మూసుకుపోతే రాత్రికి రాత్రి ఆపరేషన్ చేశారు. ఆయన కళ్లు తెరిచేసరికి పొట్ట మీద బ్యాగ్ ఉంది. ఆ తర్వాత కీమో నాలుగు సైకిళ్లు, అంటే నాలుగు విడతలు. అప్పటినుంచి ఈ దారిలో ఉన్న చాలామంది ఆడవాళ్లు నాకు ఫోన్ చేస్తుంటారు, కాబట్టి మా ఇంట్లో జరిగిందే కాక వాళ్ల దగ్గర విన్నదీ కలిపి రాస్తున్నాను. నేను ధైర్యం చెప్పడంలో ఘోరంగా విఫలమయ్యాను. ఆ నెలల్లో ఆయనకు అక్కరకొచ్చింది నా మాటలు కాదు, నా చేతిలో ఉన్న థర్మామీటరూ ఒక నోట్‌బుక్కూ.

ముందు రిపోర్ట్ సంగతి. ఆపరేషన్‌లో తీసిన పేగు ముక్కను పరీక్షించి ఇచ్చిన బయాప్సీ రిపోర్ట్ కాపీ మీ దగ్గర ఉందా? లేకపోతే అడిగి తీసుకోండి. అందులో గడ్డ పేగు గోడలో ఎంత లోతుకు వెళ్లిందీ, ఎన్ని లింఫ్ గ్రంథులు చూశారు, ఎన్నింటిలో క్యాన్సర్ కనిపించిందీ ఉంటాయి. మామూలుగా కనీసం 12 గ్రంథులైనా పరీక్షించాలంటారు. మావారికి 17 చూస్తే రెండింటిలో ఉంది. ఈ రిపోర్ట్‌ను డాక్టర్ ఆయన ఎదురుగానే వివరించేలా చూడండి. మేం చేసిన తప్పేమిటంటే, ఆయన తట్టుకోలేరని ఆ కాగితం దాచాం. "మొత్తం తీసేశామన్నారు కదా, మళ్లీ కీమో ఎందుకు? నాకేదో దాస్తున్నారు" అని ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. గోడవైపు తిరిగి పడుకోవడం మా ఇంట్లోనూ అక్కడే మొదలైంది. చివరికి డాక్టరే చెప్పారు: కంటికి కనిపించిందంతా తీసేశాం, స్కాన్‌లో కూడా కనపడని కణాలు ఎక్కడైనా మిగిలి ఉంటే వాటి కోసం ఈ మందు. రెండు నిమిషాల మాట. ఆ సాయంత్రం ఆయన లేచి కుర్చీలో కూర్చున్నారు. మీవారి మౌనం వెనక కూడా ఇలాంటి అనుమానమేదైనా ఉందేమో కనుక్కోండి. దిగులు అన్నది చాలాసార్లు అడగలేకపోయిన ప్రశ్న.

కీమో మొదలయ్యేలోపు డాక్టర్‌ను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆయన వాడే ప్రతి మందు పేరూ చెప్పండి, విటమిన్ మాత్రలతో సహా. కేపెసిటాబైన్ అనే కీమో మాత్ర ఇస్తే ఇది మరీ ముఖ్యం. రక్తం పలచబడటానికి ఇచ్చే వార్ఫరిన్‌తోనూ, ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్‌తోనూ దానికి పడదు. ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో ఉంటే దుష్ప్రభావాలు పెరుగుతాయి. బలానికని ఎవరో తెచ్చిచ్చిన పొడులూ కషాయాలూ కూడా అడగకుండా ఇవ్వొద్దు. కేపెసిటాబైన్‌ను శరీరంలో విరగ్గొట్టే డీపీడీ అనే ఎంజైమ్ కొందరిలో పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. వాళ్లకు మామూలు డోసే ప్రాణం మీదికి తెస్తుంది. దానికి పరీక్ష ఉంది, మీవారికి చేశారో లేదో అడగండి. అడిగితే డాక్టర్ ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. పళ్లలో చెడిపోయినవేవైనా ఉంటే వాటి పనీ ముందే చూపించుకోవడం మంచిది.

స్టోమా గురించి మీరు ఒక్క ముక్కే రాశారు. బహుశా అదే ఎక్కువ బాధపెడుతోంది. మొదటిసారి బ్యాగ్ మార్చిన రోజు మాకు గంట పట్టింది. నేను వణుకుతున్న చేతులతో పాత బ్యాగ్ లాగేస్తుంటే చర్మం కూడా దాంతోపాటే లేచింది. ఆయన పళ్లు బిగించి పైకప్పు చూస్తున్నారు. నర్సు నేర్పిన పద్ధతి తర్వాత గుర్తొచ్చింది: బ్యాగును లాగకూడదు, తడిబట్టతో చర్మాన్ని మెల్లగా వెనక్కి నొక్కుతూ ఊడదీయాలి. కొత్త బ్యాగుకు రంధ్రం స్టోమా కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా కత్తిరించాలి. ఎక్కువైతే పక్క చర్మం మీద మలం పడి పుండవుతుంది. మొదటి కొన్ని వారాల్లో స్టోమా వాపు తగ్గుతూ చిన్నదవుతుంది కాబట్టి అప్పుడప్పుడూ మళ్లీ కొలవాలి. పొద్దున్నే ఏమీ తినకముందు మార్చుకుంటే పని మధ్యలో మలం పొంగుకు రాదు. బ్యాగ్ మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి, బరువెక్కితే ఊడిపోతుంది. స్టోమా ఎర్రగా, తడిగా ఉండటం, తుడిచినప్పుడు కొంచెం రక్తం అంటడం మామూలే. నల్లబడితే, ఊదారంగుకు తిరిగితే మాత్రం వెంటనే ఆసుపత్రి.

ఇక్కడ ఒక మాట, కొంచెం కఠినంగా ఉన్నా వినండి. ఆ బ్యాగ్ పని ఆయన చేతికి ఇచ్చేయండి. నేను ప్రేమతో అన్నీ నేనే చేశాను, ఖాళీ చేయడంతో సహా. ఒకరోజు మావారు "నన్ను పసిపిల్లాడిని చేసేశావు" అన్నారు. కోపంగా కాదు, మామూలు గొంతుతో. అది ఎక్కువ గుచ్చుకుంది. మరుసటి రోజు నేను గది బయట నిలబడ్డాను. లోపల ఏదో కింద పడింది, ఆయన విసుక్కున్నారు, నేను తలుపు మీద చెయ్యి వేసి తీసేశాను. ఇరవై నిమిషాలకు బయటికొచ్చి "అయింది" అన్నారు. ఆపరేషన్ తర్వాత ఆయన నడక మారింది ఆ రోజే.

ఇక చలి. మీవారికి ఆక్సాలిప్లాటిన్ ఎక్కిస్తారేమో తెలుసుకోండి. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ తర్వాత ఇచ్చే కీమోలో తరచుగా ఉండే మందది. మొదటి సైకిల్ అయి ఇంటికొచ్చాక మావారు అలవాటుగా ఫ్రిజ్ తెరిచి సీసా పట్టుకున్నారు. కరెంటు షాక్ కొట్టినట్టు చెయ్యి లాగేసుకున్నారు. అయినా ఒక గుక్క తాగారు. గొంతు పట్టేసింది, ఊపిరి ఆడట్లేదని సైగ చేస్తున్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఫోన్ చేస్తే అటువైపు నర్సు నిదానంగా, గోరువెచ్చని నీళ్లు గుక్కగుక్కగా తాగించమంది. కొన్ని నిమిషాల్లో సర్దుకుంది. ఊపిరి నిజంగా ఆగదట, ఆగినట్టు అనిపిస్తుంది. అయితే అదే సమయంలో ముఖం వాచినా, ఒంటిమీద దద్దుర్లు వచ్చినా, కొన్ని నిమిషాల్లో తగ్గకపోయినా అది అలెర్జీ కావచ్చు, అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే అని కూడా చెప్పింది. ఆ సంగతి ముందే చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. మందు ఎక్కించిన తర్వాత కొద్ది రోజులు చల్లటివేవీ తాగకూడదు, తాకకూడదు. చల్లగాలి తగిలినా ముక్కు, దవడ జివ్వుమంటాయి. మేం ఫ్రిజ్ తలుపుకు ఒక జత ఉన్ని గ్లవ్స్ వేలాడదీశాం. స్టీలు గ్లాసు, కుళాయి నీళ్లు, కారు తలుపు హ్యాండిల్, ఇవన్నీ ఆ రోజుల్లో శత్రువులే.

మాత్రలతో ఇచ్చే పద్ధతిలో ఆక్సాలిప్లాటిన్ మూడు వారాలకోసారి ఎక్కిస్తారు. కేపెసిటాబైన్ మాత్రలు 14 రోజులు పొద్దునా రాత్రీ, తర్వాత 7 రోజులు విరామం. తిన్న అరగంటలోపు నీళ్లతో వేసుకోవాలి. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండింతలు వేసుకోకూడదు. మాత్రను నూరకూడదు, విరగ్గొట్టకూడదు. మీరు అందించేటట్టయితే గ్లవ్స్ వేసుకోండి. కీమో నడిచే రోజుల్లో బ్యాగ్ ఖాళీ చేసేటప్పుడూ గ్లవ్స్ ఉండాలి, టాయిలెట్ మూతవేసి రెండుసార్లు ఫ్లష్ చేయాలి. కొన్నిచోట్ల మాత్రల బదులు రెండు రోజులు నడిచే చిన్న పంపు నడుముకు తగిలించి ఇంటికి పంపుతారు, అది రెండు వారాలకోసారి. మొత్తం మూడు నెలలా, ఆరు నెలలా అన్నది గ్రంథుల సంఖ్య, గడ్డ లోతు చూసి నిర్ణయిస్తారు. పక్కింటాయనకు ఆరు నెలలిచ్చారు, మాకు మూడేనా అని గాబరాపడొద్దు. అలాగే అటునుంచి ఇటూ.

జ్వరం. ఒకే ఒక్క విషయం గుర్తుంచుకోమంటే ఇదే చెప్తాను. కీమో తెల్ల రక్తకణాలను తగ్గిస్తుంది. అవి తక్కువగా ఉన్న రోజుల్లో చిన్న ఇన్ఫెక్షన్ కూడా గంటల్లో ముదురుతుంది. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ తాకితే అర్ధరాత్రయినా ఫోన్ చేయాలి, రమ్మంటే వెళ్లాలి. రెండో సైకిల్ పదో రోజు రాత్రి ఆయనకు ఒళ్లు వెచ్చబడితే నేనేం చేశానో తెలుసా? పారాసిటమాల్ ఇచ్చి దుప్పటి కప్పాను. జ్వరం దిగింది, నేను నిద్రపోయాను. తెల్లవారుజామున నాలుగింటికి ఒళ్లంతా వణుకు. ఎమర్జెన్సీలో డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న "ఎన్నింటికి మొదలైంది, మందేమైనా వేశారా?". నేను చెప్పాను. ఆయన తిట్టలేదు, రాసుకున్నారు, అంతే. పారాసిటమాల్ జ్వరాన్ని కప్పేస్తుంది, ఇన్ఫెక్షన్ లోపల పెరుగుతూనే ఉంటుంది. యాంటీబయాటిక్ సకాలంలో పడింది కాబట్టి ఐదు రోజుల్లో ఇంటికొచ్చాం. అప్పటినుంచి థర్మామీటర్ ఆయన తలగడ పక్కనే. ముందు కొలవాలి, తర్వాత ఫోన్, ఆ తర్వాతే మందు. జ్వరం లేకుండా వణుకు వచ్చినా అదే దారి.

విరేచనాల విషయంలో స్టోమా ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బ్యాగులోంచి రోజుకు లీటరున్నర దాటి పోతుంటే శరీరం ఎండిపోతున్నట్టే. మేం కొలగీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఒకటి ప్రత్యేకంగా పెట్టుకున్నాం. చాలామంది చేసే పొరపాటు, దాహంగా ఉందని ఉత్త నీళ్లు లీటర్లకొద్దీ పట్టించడం. చిన్నపేగుతో చేసిన స్టోమా అయితే ఉత్త నీళ్లు ఉప్పును లాక్కుని ఇంకా ఎక్కువగా బయటికి పోతాయి. ఓఆర్ఎస్ కావాలి, అదీ చల్లది కాకుండా. స్టోమా లేనివాళ్లకైతే రోజూ అయ్యేదాని కన్నా నాలుగుసార్లు ఎక్కువైనా, రాత్రి నిద్రలోంచి లేవాల్సి వచ్చినా కేపెసిటాబైన్ మాత్రలు ఆపి డాక్టర్‌ను అడగాలి. నోటిపుండ్లతో తినలేకపోయినా, అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి నొప్పి పుట్టినా అంతే. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం అడగడాలు లేవు. మాత్ర ఆపేసి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి, ఈ మందు కొందరిలో గుండె రక్తనాళాలను బిగుసుకుపోయేలా చేస్తుంది. కాలి పిక్క ఒకటే వాచి నొప్పిగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆలస్యం చేయొద్దు. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆపరేషన్ తర్వాతా, కీమోలోనూ ఉంటుంది.

ఒక డోసు తగ్గించారనో, ఒక వారం వాయిదా వేశారనో మీవారు కుంగిపోతే, అది అందరికీ జరిగేదేనని చెప్పండి. బాధలు చెబితే డోసు తగ్గించేస్తారని దాచేవాళ్లూ ఉంటారు, మావారు అలాగే వేళ్ల తిమ్మిరి దాచారు. చొక్కా గుండీ పెట్టుకోలేక తంటాలు పడుతుంటే నేను పట్టుకున్నాను. ఆ తిమ్మిరి మందు పోగవుతున్నకొద్దీ పెరుగుతుంది, కీమో ఆపాక కూడా రెండు మూడు నెలలు ఇంకాస్త ముదిరి అప్పుడు తగ్గుముఖం పడుతుంది. కొందరికి కొంత మిగిలిపోతుంది. అందుకే డాక్టర్‌కు ముందే తెలియాలి. నోట్‌బుక్ ఇక్కడ అక్కరకొస్తుంది. రోజూ నాలుగే గీతలు: ఉష్ణోగ్రత, బ్యాగ్ లెక్క, ఏం తిన్నారు, కొత్తగా ఏమనిపించింది. "ఎలా ఉన్నారు" అని డాక్టర్ అడిగితే ఏ మగాడైనా "బానే ఉన్నా" అంటాడు. నోట్‌బుక్ అనదు.

కొన్నాళ్లకు మీకే ఒక లయ తెలుస్తుంది. మందు ఎక్కించిన మొదటి నాలుగైదు రోజులు వికారం, నీరసం. వాంతి మందులను వికారం వచ్చాక కాదు, రాసిచ్చిన టైముకే వేయాలి. వాటితోపాటు స్టెరాయిడ్ ఇస్తే ఆ రెండు మూడు రాత్రులు నిద్ర పట్టదు, చిరాకు పడతారు. ఆ కోపం మీ మీద కాదు, సగం మందుది. మూడో వారం మనిషి తేలికపడతారు. బయటికి వెళ్లడం, మనుషుల్ని కలవడం, లెక్కలూ కాగితాలూ, ఏవున్నా ఆ వారానికి పెట్టుకోండి. చుట్టాలు రావడం కూడా అప్పుడే, అదీ జలుబూ దగ్గూ లేనివాళ్లే. గుమ్మంలో ఆపడానికి మొహమాటంగా ఉంటే "డాక్టర్ వద్దన్నారు" అనేయండి. నేను ఆ డాక్టర్ పేరు ఎన్నిసార్లు వాడుకున్నానో ఆయనకు తెలియదు.

ఇక ధైర్యం చెప్పడం. "ఏం కాదు, అంతా బాగైపోతుంది" అని నేను రోజుకు పదిసార్లు అనేదాన్ని. ఒకసారి ఆయన "నీకెలా తెలుసు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. నోరు మూసుకుని పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆయనే మొదలుపెట్టారు. అప్పుల గురించి, అబ్బాయి చదువు గురించి, మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాలంటే ఉన్న భయం గురించి. నేను దేనికీ పరిష్కారం చెప్పలేదు. ఇద్దరం ఏడ్చాం కూడా. ఆయన ముందు ఏడవకూడదన్నది నాకైతే తప్పుడు సలహా అనిపిస్తుంది. నేను వంటింట్లో కుళాయి తిప్పుకుని ఏడ్చి ముఖం కడుక్కుని వస్తే, ఆయనకు ఆ ముఖం చూస్తే తెలిసేదట. నాకు చెప్పకుండా ఆయన, ఆయనకు చెప్పకుండా నేను. ఒకే ఇంట్లో రెండు గదుల్లో ఒకే భయం. అయితే రెండు వారాలు దాటినా మీవారు దేనిమీదా ఆసక్తి లేకుండా, తిండీ నిద్రా మానేసి ఉంటే, లేదా బతకాలని లేదన్నట్టు మాట్లాడితే, అది మీరు ఓదార్చి తీర్చేది కాదు. డాక్టర్‌కు చెప్పండి, దానికి వేరే వైద్యం ఉంది.

పడక గురించి ఎవరూ అడగరు, అందుకే చెప్తున్నాను. బ్యాగ్ ఉందని ఆయన వేరే మంచం వేసుకుంటానంటారేమో. పొట్టమీద కుట్లు మానేదాకా ఎత్తు దిండు అడ్డం పెట్టుకుని అయినా పక్కనే పడుకోవచ్చు. పడుకునేముందు బ్యాగ్ ఖాళీ చేసుకుంటే చాలు. మిగతా దగ్గరితనానికి తొందరలేదు. డాక్టర్‌ను అడిగి కొంతకాలం కండోమ్ వాడాలి, అంతే.

మీ గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. రాత్రి ఎవరైనా వారానికి రెండుసార్లు ఆయన దగ్గర ఉండగలరా? "ఏదైనా సాయం కావాలంటే చెప్పు" అన్నవాళ్లను మర్యాదకు అన్నారనుకోవద్దు, పని పేరు పెట్టి అడగండి: మంగళవారం రక్తపరీక్షకు మీరు తీసుకెళ్తారా అని. నేను బీపీ మాత్రలు మర్చిపోయి మూడో సైకిల్ రోజు ఆసుపత్రి కారిడార్‌లో కళ్లు తిరిగి పడ్డాను. సెలైన్ స్టాండు పట్టుకుని మావారే నన్ను లేపారు.

కీమో పూర్తయ్యాక స్టోమా మూసే ఆపరేషన్ ఉంటుంది. మొదటి కొన్నేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి జబ్బు తిరగబెట్టిందేమో చూసే సీఈఏ రక్తపరీక్ష, మధ్యమధ్య స్కాన్‌లు, ఆపరేషన్ అయిన ఏడాదికి కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష. మాలాగా పేగు మూసుకుపోయి ముందు కొలనోస్కోపీ పూర్తిగా చేయలేకపోతే ఇంకా ముందే, కొన్ని నెలల్లోనే చేస్తారు. తీసిన గడ్డ మీద ఎంఎంఆర్ అనే పరీక్ష చేశారా అని అడగండి. ఈ జబ్బు వంశంలో వచ్చేదా అన్న ఆచూకీ అందులో దొరుకుతుంది. అది కాకపోయినా తోబుట్టువులూ పిల్లలూ 40 ఏళ్లకు, లేదా ఆయనకు జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పటినుంచి కొలనోస్కోపీ చేయించుకోవాలంటారు. మా మరిదికి అప్పటికే 49. ఈ మాట ఆయనకు చెప్పే పని మావారే పెట్టుకున్నారు. ఆరు నెలలుగా గట్టిగా మాట్లాడని మనిషి ఫోన్‌లో "ఏంట్రా సిగ్గు, రేపే వెళ్లు" అని గదమాయిస్తుంటే నేను వంటింట్లో చేతిలో గరిటె పట్టుకుని నిలబడిపోయాను. మరిది వెళ్లాడు. రెండు చిన్న పాలిప్‌లు (పేగు లోపలి గోడ మీద పెరిగే బొడిపెలు) దొరికితే అక్కడికక్కడే తీసేశారు.